పగలు రాని మిస్సింగ్

(విశాఖపట్నం మర్రిపాలెంలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, సొంత బళ్ళు ఇంట్లోనే బాగుచేసుకునేవారికీ ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడు పిల్లలకీ ఒక రిటైర్డ్ డీజిల్ ఫిట్టర్ చెప్పిన మాటలు. ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను చూపించబోయేవి చిన్న వస్తువులు, దూరం నుంచి కనపడవు.

ముందు ఈ కేబుల్ చూడండి. క్లచ్ కేబుల్. ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. లోపలి తీగ పట్టుకుని లాగండి. రాదు. రెండు చేతులతో లాగినా రాదు. బండిలోంచి ఇది తీసినప్పటికి వేసి నెల కూడా కాలేదు. మధ్యలో నిలువుగా కోసి ఉంచాను, చూడండి. పైన నల్ల తొడుగు, దాని లోపల ఉక్కు చుట్ట, ఆ లోపల తెల్లటి సన్నని ప్లాస్టిక్ గొట్టం. తీగ ఆ గొట్టంలో నూనె రాసినట్టు జారాలి. ఇక్కడ ఆ గొట్టం కరిగి, తీగకి పట్టుకుని, ముద్దైపోయింది. క్లచ్ రోజుకి వెయ్యిసార్లు తొక్కినా కేబుల్ అరుగుతుంది, తెగుతుంది. కరగదు. మరి ఇదెందుకు కరిగింది? ఈ ఒక్క ప్రశ్న నేను మొదటి కేబుల్ పోయిన రోజే వేసుకుని ఉంటే మూడు నెలల తిప్పలు తప్పేవి. కేబుల్ పాడైందనుకున్నాను, కొత్తది వేశాను, పాతది షెడ్డులో మేకుకి తగిలించాను. ఆ కొత్తదే ఇది, ఇదీ అలాగే బిగుసుకుపోయింది.

నేను ముప్పై ఏళ్ళ పైన రైల్వేలో, వాల్తేరు డీజిల్ షెడ్డులో ఫిట్టర్ పని చేశాను. పదహారు సిలిండర్ల ఆల్కో రైలింజన్లు. ఒక్కో సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, తొమ్మిది అంగుళాలు, పిస్టన్ ఎత్తాలంటే గొలుసు కప్పీ కావాలి. అలాంటి చోట పనిచేసినవాడికి కారు ఇంజన్ చూస్తే భయం ఉండదు. నా కారు 2005 మోడల్ మారుతి జెన్. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, బోరు 72 మిల్లీమీటర్లు. పిస్టన్ అరచేతిలో ఇమిడిపోతుంది. అందుకే పని పడ్డప్పుడు బయటికి ఇవ్వాలనిపించలేదు.

పని ఎలా పడిందంటే, అనకాపల్లి నుంచి వస్తుంటే లంకెలపాలెం దగ్గర రేడియేటర్ పై హోసు పగిలింది. పక్కకి తీసి ఆపేలోపే ఇంజన్ బాగా వేడెక్కిపోయింది. సిలిండర్ హెడ్ విప్పి, స్ట్రెయిట్ ఎడ్జ్ బద్ద పెట్టి, ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తే మధ్యలో దూరింది. హెడ్ వంగిందన్నమాట. ఎలాగూ విప్పాం కదా అని ఇంజను, గేర్ బాక్సూ మొత్తం కిందికి దించేశాను. రింగులు, బేరింగులు, వాల్వ్ సీళ్ళు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, అన్నీ కొత్తవి. హెడ్ మాత్రం గాజువాక ఆటోనగర్లో లేత్ వర్క్‌షాపుకి ఇచ్చి ప్లేనింగ్ చేయించాను, అంటే చదును చేయించాను. మిగతా పనంతా మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, సాయంకాలాలు, రెండు నెలలు. హెడ్ బోల్టులు టార్క్ రెంచితో మధ్య నుంచి చివరలకి, మూడు విడతల్లో బిగించాను. ఆ పని మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది, దాంట్లో తప్పు దొర్లలేదు.

ఒక పని మాత్రం అదనంగా చేశాను. మన ఊళ్ళో ఇనుము సంగతి మీకు తెలుసు. లాసన్స్ బే దగ్గర ఇల్లున్నవాళ్ళని అడగండి, కిటికీ ఊచలు ఎన్నేళ్ళకోసారి మారుస్తారో. ఉప్పుగాలి. అల్యూమినియం మీద తెల్ల పొడి లేస్తుంది, ఇనుము మీద పొరలు లేస్తాయి. ఇంజన్ దించాక కింద చూస్తే బాటరీ కూర్చునే ట్రే చుట్టూ, ఛాసిస్ మెంబరు మీద తుప్పు కనిపించింది. వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు కొట్టి, దాని మీద రెండు కోట్లు నల్ల ఎనామిల్ వేశాను. గేర్ బాక్సు కేసింగుని కిరోసిన్‌తో కడిగి సిల్వర్ పెయింట్ వేశాను. పెళ్ళికి తీసుకెళ్ళే బండిలా తయారైంది. ఇంజన్ ఎక్కించి, స్టార్ట్ చేసి, సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న దగ్గర వాహన పూజ చేయించుకుని వచ్చాం. ఘాటు ఎక్కుతుంటే ఎంత హాయిగా లాగిందో. మా ఆవిడ కూడా అంది, కొత్త బండిలా ఉందండీ అని.

సుమారు నెల రోజులు బాగానే తిరిగింది. తర్వాత వానలు మొదలయ్యాయి.

మొదట వచ్చింది చిన్న కుదుపు. స్లో స్పీడులో ఇంజన్ కాస్త వణికేది, మళ్ళీ సర్దుకునేది. తర్వాత మిస్సింగ్, అంటే ఇంజన్ మధ్యమధ్యలో మంట అందక తడబడటం. ఎక్కువగా ఎత్తు మీద. హనుమంతవాక దాటి వెళ్ళేటప్పుడో, ఘాటు రోడ్డులోనో. పెడల్ నొక్కితే పికప్ అందుకోదు, గొంతుకి ఏదో అడ్డుపడినట్టు ఆగి ఆగి లాగుతుంది. ఇంటికొచ్చి మర్నాడు పొద్దున్న బోనెట్ ఎత్తి చూస్తే ఏమీ ఉండదు. ఇంజన్ గడియారంలా తిరుగుతుంటుంది. ఇలాంటి ఫాల్టు ఎంత నీరసం తెప్పిస్తుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పూర్తిగా ఆగిపోయిన బండిని బాగుచేయడం తేలిక. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే బండి మనిషికి నిద్ర లేకుండా చేస్తుంది.

ఇప్పుడు నా బుర్ర ఎటు పోయిందో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది బుర్రా అటే పోతుంది. ఇంత పెద్ద పని నా చేత్తో చేశాను. కాబట్టి తప్పు ఉంటే ఆ పెద్ద పనిలోనే ఉంటుంది. రింగుల గ్యాపులు ఒకదాని మీద ఒకటి వచ్చాయా? టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పిందా? హెడ్ గ్యాస్కెట్ ఎక్కడైనా ఊదుతోందా? రాత్రి పడుకుంటే ఇవే. విప్పిన ప్రతి బోల్టూ కళ్ళముందు తిరిగేది.

సరే, ఒక్కొక్కటీ కొలిచాను. కంప్రెషన్ గేజ్ తెచ్చాను. నాలుగు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే నాలుగు సిలిండర్లూ చదరపు సెంటీమీటరుకి పన్నెండు కేజీల దగ్గరే చూపించాయి. నాలుగింటి మధ్యా తేడా అర కేజీ లోపే. సిలిండర్లో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచాను. రింగులు కారుతుంటే నూనె పోశాక అంకె బాగా పెరుగుతుంది. పెద్దగా పెరగలేదు. రింగులు మంచివే. టైమింగ్ కవరు రెండుసార్లు విప్పాను, గుర్తులు రెండుసార్లూ సరిగ్గానే ఉన్నాయి. రేడియేటర్ మూత తీసి బుడగలు వస్తాయేమో చూశాను, లేవు. ఇన్‌టేక్ మానిఫోల్డుకి వాక్యూమ్ గేజ్ పెడితే ముల్లు 18 అంగుళాల పాదరసం దగ్గర నిలకడగా నిలబడింది.

ఈ వాక్యూమ్ గేజ్ గురించి పిల్లలకి ఒక మాట. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ స్లో స్పీడులో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. మనం సముద్రం ఒడ్డునే ఉన్నాం కాబట్టి పుస్తకంలో అంకె మనకి అచ్చంగా వర్తిస్తుంది. ఇదే బండిని అరకు తీసుకెళ్తే, అది సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ అదే ఇంజన్ మూడు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. అది ఫాల్టు కాదు, గాలి పల్చబడటం. ముల్లు నిలకడగా ఉండి మొత్తం మీద తక్కువ ఉంటే వాల్వ్ టైమింగో ఇగ్నిషన్ టైమింగో ఆలస్యమైందేమో చూడాలి. ఒకే లయలో టక్ టక్ అని పడిపోతుంటే ఒక వాల్వు సరిగా మూయడం లేదేమో చూడాలి. రేస్ చేసి పట్టుకుంటే మెల్లమెల్లగా పడిపోతుంటే సైలెన్సర్ వైపు ఎక్కడో మూసుకుపోయినట్టు. చవక పరికరం. హెడ్ విప్పే ముందు ఇది పెట్టకుండా ఎవరూ హెడ్ విప్పకూడదు.

ఇన్ని మంచి అంకెలు వచ్చాక నేను ఇంజన్ లోపలి భాగాన్ని వదిలేయాల్సింది. వదల్లేకపోయాను. అంకె కన్నా భయం గట్టిగా పట్టుకుంది. ఒక ఆదివారం హెడ్ బోల్టు మీద రెంచి కూడా పెట్టాను. మా ఆవిడ వచ్చి, వాన పడేలా ఉంది, ఈ పూటకి వదిలేయండి అంటే ఆగాను.

ఆ తర్వాత పార్టులు మార్చడం మొదలైంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఫ్యూయల్ ఫిల్టరు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని కొత్త బాటరీ. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతోందని ఒక షాపులో స్కానర్ పెట్టించాను. ఆక్సిజన్ సెన్సరు అన్నారు, మార్చాను. పది రోజులకి మళ్ళీ అదే లైటు, ఈసారి వేరే సెన్సరు పేరు చెప్పింది. ఫ్యూయల్ ప్రెషర్ కూడా కొలిచాను. సరిగ్గా ఉండాల్సినంత ఉంది. ఎప్పుడు కొలిచాను? పొద్దున్న, ఇంటి ముందు, నీడలో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఇక క్లచ్ కేబుల్ బిగుసుకుపోవడం వేరే జబ్బు అనుకున్నాను, దానికి వేరే మందు వేశాను.

షెడ్డులో మాకు ఒక పద్ధతి ఉండేది. లోకో షెడ్డుకి రాగానే డ్రైవర్ రాసిన బుకింగ్ చదవాలి. ఏ సెక్షన్లో, ఎంత లోడు మీద, ఏ నాచ్‌లో, అంటే థ్రాటిల్ ఏ మెట్టు మీద, ఉండగా ఏం జరిగిందో అతను రాస్తాడు. ఇంజన్ నడిపినవాడి మాట వినకుండా స్పానర్ పట్టుకోం. అన్నేళ్ళు అలా పనిచేసి, నా సొంత బండికి నేను బుకింగ్ రాసుకోలేదు. నడిపేదీ నేనే, విప్పేదీ నేనే కాబట్టి అన్నీ నాకు గుర్తున్నాయనుకున్నాను.

ఆ బుకింగ్ రాసింది మా ఆవిడ. కాగితం మీద కాదు. ఒక సాయంత్రం ఎన్‌ఏడీ నుంచి ఇంటికి వస్తున్నాం. చీకటి పడింది, హెడ్‌లైట్లు వేశాను. రెండు నిమిషాలకి బండి వణకడం మొదలెట్టింది. ఆవిడ అంది, "ఏమండీ, ఇది పగలు ఎప్పుడైనా వచ్చిందా? నాకు గుర్తున్నంతవరకు మీరు లైట్లు వేశాకే వస్తుంది."

నేను బండి పక్కకి తీసి ఆపాను. లైట్లు ఆర్పాను, ఏసీ ఆపాను. ఇంజన్ సర్దుకుంది. లైట్లు వేశాను, బ్లోయర్ పూర్తిగా పెట్టాను. మళ్ళీ వణుకు. అన్నాళ్ళూ నేను ఎత్తు వల్ల, లోడు వల్ల అనుకున్నది ఎత్తు ఒక్కటే కాదు. మేం గుడికి వెళ్ళేది సాయంకాలం. ఘాటు మీద లైట్లు ఉంటాయి, వానకి వైపర్లు ఉంటాయి, అద్దాలు మసకబారుతాయని ఏసీ ఉంటుంది, ఎక్కుడు కాబట్టి రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. కరెంటు వాడేవన్నీ ఒకేసారి వాడుతున్నాం. నేను దాన్ని ఇంజన్ మీద బరువుగా చూశాను, కరెంటు మీద బరువుగా చూడలేదు.

మా మేనల్లుడు ఫిషింగ్ హార్బర్లో మరబోట్లకి వైరింగు చేస్తాడు. ఆ రాత్రే ఫోన్ చేశాను. మర్నాడు పని దిగి నేరుగా వచ్చాడు, చేతికి ఇంకా చేపల వాసన. వచ్చి, నా మాటంతా విని, మేకుకి వేలాడుతున్న పాత కేబుల్ తీసి చివర వాసన చూశాడు. "మావయ్యా, ఇది కాలింది" అన్నాడు. తర్వాత నన్ను సెల్ఫ్ కొట్టమని, తను బోనెట్ కింద వంగి క్లచ్ కేబుల్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నాలుగు సెకన్లు కొట్టాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మావయ్యా, సురుక్కుమంది. మీ సెల్ఫ్ కరెంటంతా దీంట్లోంచే పోతోంది."

ఇక్కడ కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇదే.

కరెంటు బాటరీ పాజిటివ్ నుంచి బయలుదేరి, పని చేసి, నెగెటివ్‌కి తిరిగి రావాలి. కారులో వెళ్ళే దారికి ఎర్ర వైర్లు, ఫ్యూజులు, రిలేలు ఉంటాయి, అందరూ చూస్తారు. వచ్చే దారికి వైరు ఉండదు. కారు బాడీ, ఇంజన్ బ్లాకే వైరు. అందుకే అది ఎవరి కంటికీ ఆనదు. మావాడి కంటికి ఎందుకు ఆనిందంటే, చెక్క బోటుకి బాడీ ఎర్తు, అంటే బాడీయే వచ్చే దారి కావడం, అనేదే లేదు. ప్రతి బల్బుకీ రెండు తీగలు లాగాలి, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. వాడికి చిన్నప్పటి నుంచీ రెండో తీగ గుర్తుంటుంది. పైగా హార్బర్లో వాడు బాగుచేసే వాటిలో ఎక్కువ భాగం ఉప్పు తిన్న జాయింట్లే.

నా బండిలో బాటరీ నెగెటివ్ నుంచి లావు కేబుల్ ఒకటి గేర్ బాక్సుకి వెళ్తుంది, సన్నది ఒకటి బాడీకి. ఇంజన్ నుంచి బాడీకి ఇంకో అల్లిక పట్టీ ఉంటుంది. గేర్ బాక్సు మీద లావు కేబుల్ కూర్చునే చోట నేను సిల్వర్ పెయింట్ వేశాను. అల్లిక పట్టీ కూర్చునే చోట ప్రైమరు, రెండు కోట్ల ఎనామిల్. వాటి మీదే లగ్గులు, అంటే కేబుల్ చివరి లోహపు బిళ్ళలు, పెట్టి బిగించాను. పెయింటు కరెంటుని పోనివ్వదు. మరి నెల రోజులు ఎలా నడిచింది? బోల్టు మరల ద్వారా, అంటే దాని మీది గాడుల ద్వారా. మరల దగ్గర లోహానికి లోహం కాస్త తగులుతుంది, కరెంటు అక్కడి నుంచి పోయింది. వానలొచ్చాక ఆ మరల్లోకి తేమ, ఉప్పు చేరాయి. ఇనుప బోల్టు, అల్యూమినియం కేసింగు, రాగి లగ్గు. మూడు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ పడితే తుప్పు రావడానికి ఇంకేం కావాలి? ఆ దారి కూడా రోజురోజుకీ సన్నబడింది. సెల్ఫ్ మోటారు గేర్ బాక్సు మీదే కూర్చుంటుంది, అది వంద ఆంపియర్లు అడుగుతుంది. ఆ వంద ఆంపియర్లకి ఇంటికి పోయే దారి లేక, గేర్ బాక్సు లీవరు నుంచి పెడల్ దాకా ఉన్న ఉక్కు తీగ, అంటే క్లచ్ కేబుల్, దాన్ని పట్టుకుని బాడీలోకి వెళ్ళి, సన్న వైరు మీదుగా బాటరీకి చేరింది. హీటర్ కాయిల్ ఎలా వేడెక్కుతుందో కేబుల్ అలా వేడెక్కింది.

ఇప్పుడు మీలో ఒకరు అడగాలి, మీరు ఎర్తు చెక్ చేసుకోలేదా అని. చేశాను. మొదటి వారంలోనే చేశాను. మల్టీమీటర్ని బీప్ మీద పెట్టి, ఒక కొన బాటరీ నెగెటివ్‌కి, ఒక కొన ఇంజన్‌కి తాకించాను. బీప్ వచ్చింది. ఎర్తు బాగుందని తీర్మానించి దాని వైపు మళ్ళీ చూడలేదు. నన్ను మూడు నెలలు తప్పుదారి పట్టించింది ఆ బీప్.

ఎందుకో లెక్క వేద్దాం. మీటరు బీప్ కోసం పంపే కరెంటు చాలా చిన్నది. నూరు పోగుల కేబుల్లో తొంభై తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. నా జాయింటులో ఉన్న రెసిస్టెన్సు ఓంలో వందో వంతుల్లో ఉంది, మామూలు మీటరు ఓమ్స్‌లో దాన్ని సున్నాగానే చూపిస్తుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి తొమ్మిది ఆంపియర్లు. బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, వైపర్లు, మిగతావి కలిస్తే ముప్పై దాకా వెళ్తుంది. 0.04 ఓము చొప్పున ముప్పై ఆంపియర్లు పోతే 1.2 వోల్టులు ఆ జాయింటు దగ్గరే ఖర్చవుతాయి. లైట్లు ఆర్పేస్తే ఖర్చు లేదు, జబ్బు లేదు. కాబట్టి ఎర్తుని కరెంటు నడుస్తుండగానే కొలవాలి, ఓముల్లో కాదు, వోల్టుల్లో.

మావాడు అలాగే కొలిచాడు. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల కొన బాటరీ నెగెటివ్ స్తంభం మీద, క్లాంపు మీద కాదు, స్తంభం మీదే, ఎర్ర కొన ఇంజన్ బ్లాకు మీద గీకి తెల్లగా చేసిన చోట. నేను సెల్ఫ్ కొట్టాను. రెండున్నర వోల్టుల పైన చూపించింది. అర వోల్టు చూపించినా అనుమానించాలి, మంచి బండిలో రెండు మూడు పదో వంతుల్లోపే ఉంటుంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ అయ్యాక లైట్లు, బ్లోయర్ అన్నీ వేశాం. 1.1, ముందు మైనస్ గుర్తు. ఎందుకు మైనస్ అని అడిగాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు ఇచ్చేది బాటరీ, ఇంజన్ నడిచేటప్పుడు ఇచ్చేది డైనమో, అది ఇంజన్ మీద కూర్చుంది కాబట్టి కరెంటు ఇప్పుడు బాడీ నుంచి ఇంజన్‌కి తిరిగి రావాలి, దారి అదే, నడక ఎదురు అన్నాడు. ఆ మైనస్ గుర్తు చూశాక నాకు మొత్తం బొమ్మ కనిపించింది.

ఇక మిగతా జబ్బులన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఫ్యూయల్ పంపు వెనక ట్యాంకులో ఉంటుంది, దాని ఎర్తు బాడీకి. బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఒక వోల్టు పోతే పంపుకి ఆ మేరకు తగ్గుతుంది. దాని దగ్గరే కొలిస్తే పన్నెండు కూడా లేదు, పదకొండు చిల్లర. పాత పంపు, సమతలం మీద ఎలాగో నెట్టుకొచ్చింది, ఘాటు మీద ఇంజన్ ఎక్కువ పెట్రోల్ అడిగేసరికి ఇవ్వలేకపోయింది. పొద్దున్న నీడలో లైట్లు లేకుండా నేను కొలిచిన ప్రెషర్ నిజమే, కానీ అది జబ్బు లేని వేళ పట్టిన నాడి. ఆక్సిజన్ సెన్సరు చెప్పే మాటంతా సున్నా నుంచి ఒక వోల్టు లోపే ఉంటుంది. కంప్యూటర్‌కి సున్నా అనేదే కదిలిపోతుంటే ఏ సెన్సరు మాట నమ్ముతుంది? అందుకే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది. సంబంధం లేని రెండు మూడు సెన్సర్లు వంతులవారీగా చెడుతున్నాయంటే సెన్సర్ని కొనకండి, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకండి. బాటరీ కూడా పాడవలేదు, డైనమో ఇచ్చే ఛార్జి దానికి పూర్తిగా చేరలేదంతే. ఆ పాత బాటరీ ఇప్పుడు మా మేనల్లుడి ఇంట్లో ఇన్వర్టర్‌కి ఉంది, బాగానే పనిచేస్తోంది.

బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పనా? నలభై నిమిషాలు. బోల్టు విప్పి, లగ్గు కూర్చునే చోట రూపాయి బిళ్ళంత మేర ఎమరీ పేపరుతో పెయింటు తీసి లోహం మెరిసేదాకా రుద్దాం. లగ్గు రెండు వైపులా రుద్దాం. పళ్ళ వాషరు వేసి బిగించాం. బిగించాక, ముందు కాదు, బిగించాక, పైన దట్టంగా వ్యాజిలిన్ పూశాం, తేమ లోపలికి పోకుండా. బాడీ వైపు కూడా అంతే. మళ్ళీ అన్ని లైట్లూ వేసి కొలిస్తే 0.04 వోల్టు. నేను మీటరు వైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాను.

పెయింటు వేయడం తప్పని నేను అనను. ఈ ఊళ్ళో వేయకపోతే ఛాసిస్ మిగలదు. కానీ ఎర్తు చోటికి టేపు అంటించి వేయాలి, లేదా వేశాక గీకాలి. ఇంజన్ దించేముందు ఫోన్‌తో ఫోటోలు తీస్తాం కదా, హోసులు, వైర్లు. ఎర్తు బోల్టుల ఫోటోలు విడిగా తీయండి. నా ఫోటోల్లో అవి లేవు, నూట ఇరవై ఫోటోలు తీశాను, ఒక్కదాంట్లో కూడా లేవు.

పెద్ద పని చేశాక ఫాల్టు వస్తే ఏం విప్పాలి అని ముందు అడగకండి, నా చెయ్యి ఎక్కడెక్కడ పడింది అని కాగితం మీద రాయండి. కష్టమైన పనులే కాదు, కడగటం, రంగు వేయడం, క్లిప్పు పక్కకి జరపడం, అన్నీ. నేను రింగుల గురించి భయపడ్డాను ఎందుకంటే రింగుల దగ్గర కష్టపడ్డాను. కష్టపడ్డ చోట జాగ్రత్తగానే ఉంటాం. పాటలు వింటూ రంగు వేసిన చోట జాగ్రత్త ఏముంటుంది? ఆ చోటు జాబితాలోకే రాదు. ఆ జాబితా పక్కనే ఇంకోటి, ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏమేం ఆన్‌లో ఉన్నాయి, పగలా రాత్రా, వానా ఎండా. మీతో బండిలో కూర్చునేవాళ్ళని అడిగి రాయండి. వాళ్ళు స్టీరింగు మీద ధ్యాస పెట్టరు కాబట్టి మనం గమనించనివి గమనిస్తారు.

ఇంకొకటి, మీటరు కూడా లేనివాళ్ళకి. జంపర్ కేబుల్ ఉంటే చాలు. జబ్బు కనిపిస్తుండగా, ఇంజన్ ఆపి, నల్ల కేబుల్ ఒక కొన బాటరీ నెగెటివ్‌కి, రెండో కొన ఇంజన్ మీద రంగు లేని గట్టి లోహానికి తగిలించండి. మళ్ళీ స్టార్ట్ చేసి లైట్లన్నీ వేయండి. జబ్బు మాయమైతే ఎర్తే. ఖర్చు లేదు, ఒక్క బోల్టు విప్పక్కర్లేదు. ఎర్ర కేబుల్ జోలికి మాత్రం పోకండి, ఈ పరీక్షకి అది అక్కర్లేదు. రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడైనా దానంతటది తిరగొచ్చు, చెప్పకుండా తిరుగుతుంది, కేబుల్ గానీ చొక్కా చేతులు గానీ దాని దగ్గరికి పోకుండా చూసుకోండి. ఆడపిల్లలు చున్నీ ముడేసుకోండమ్మా, జడ వెనక్కి వేసుకోండి.

బయట పది పన్నెండు బళ్ళు ఉన్నట్టున్నాయి. చీకటి కూడా పడింది, మనకి కావాల్సిందీ అదే. మా మేనల్లుడు వచ్చాడు, వాడి దగ్గర రెండు మీటర్లున్నాయి, నా దగ్గర ఒకటుంది. ఇద్దరిద్దరుగా ఒక్కో బండి దగ్గర నిలబడండి. ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనకద్దం హీటర్ ఉంటే అదీ, అన్నీ వేయండి. నల్ల కొన స్తంభం మీద, ఎర్ర కొన బ్లాకు మీద. వచ్చిన అంకె మైనస్ గుర్తుతో సహా ఈ నోటు పుస్తకంలో బండి నంబరు ఎదురుగా రాయండి. ముందు ఆ చివర తెల్ల బండితో మొదలుపెడదాం, ఇందాక లోపలికి వస్తుంటే దాని సెల్ఫ్ నీరసంగా తిరగడం విన్నాను.